శంఖం వినిపించినా మాట వినపడని చెవుడు

"చెవిటివాని ముందు శంఖమూదినట్లు" అన్న సామెత తెలుగునాట తెలియని వారుండరు. సామెతగా అది బాగానే ఉన్నది గాని, భౌతికశాస్త్రం దృష్ట్యా చూస్తే అందులో చిన్న పొరపాటున్నది. పెద్ద వయస్సులో చెవుడు వచ్చిన వారిలో చాలమందికి శంఖం చక్కగానే వినిపిస్తుంది. వినపడనిది ప్రక్కనే కూర్చున్న మనుమరాలి మాట. శంఖధ్వని సెకనుకు కొన్ని వందల కంపనాలతో పుట్టే బలమైన ధ్వని. మాటలోని హల్లులలో అనేకం సెకనుకు 2000 మొదలు 8000 కంపనాల దాకా ఉండే బలహీనమైన ధ్వనులు. ముసలితనం వలన గాని, రొద వలన గాని చెవి చెడేటప్పుడు ముందుగా పోయేవి ఈ రెండవ జాతి ధ్వనులే. కనుకనే చెవుడు వస్తున్నవాడు "నాకు వినిపిస్తూనే ఉన్నది, మీరే సరిగా మాట్లాడడం లేదు" అంటాడు. అతడు అబద్ధమాడడం లేదు. అతనికి నిజంగా వినిపిస్తూనే ఉన్నది. మాట మాత్రం తెలియడం లేదు.

ఈ రకపు చెవుడు ఎలా వస్తుందో తెలుసుకొనడానికి ఎల్‌బీ నగర్ కంటె తగిన చోటు హైదరాబాదులో మరొకటి వెదకనక్కరలేదు. విజయవాడ నుంచి వచ్చే జాతీయ రహదారికి అది నగర ద్వారం. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులన్నీ ఆ కూడలి మీదుగానే రావాలి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో రైలు ప్రారంభమైనది. స్తంభాల మీది ఆ రైలు మార్గం రోడ్డుకు కప్పు వేసినట్లున్నది. దాని క్రిందనే దిల్‌సుఖ్‌నగర్ బజారు, చైతన్యపురి, కొత్తపేట. కూడలి దాటి తూర్పుగా పోతే వనస్థలిపురం దగ్గర లారీలు, బస్సులు బాగుచేసే ఆటోనగర్. ఆరుబయట ధ్వని నాలుగు దిక్కులా పరచుకొని పలుచబడుతుంది. ఒకేచోట నుంచి వచ్చే ధ్వని, దూరం రెట్టింపయినప్పుడల్లా 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. ఇరుప్రక్కల మేడలు, పైన కాంక్రీటు కప్పు ఉన్నచోట ఆ లెక్క పనిచేయదు. గోడల నుంచి మరలివచ్చిన ధ్వని అసలు ధ్వనితో కలుస్తుంది. ఫ్లైఓవరు క్రింద హారన్ మ్రోగించడం నూతిలో కేక వేయడం వంటిదే.

ఇక చెవి సంగతి. చెవి డొప్ప నుంచి లోనికి సుమారు రెండున్నర సెంటీమీటర్ల నాళమున్నది. దాని చివర కర్ణభేరి. భేరికి అవతల సుత్తి, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకలు ఒకదానికొకటి తగిలించి ఉన్నవి. అంకవన్నె పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. మనిషి శరీరంలో అంతకంటె చిన్న ఎముక లేదు. ఇంత ఏర్పాటు ఎందుకని అడగవచ్చు. లోపలి చెవి ద్రవంతో నిండి ఉన్నది. గాలిలో వచ్చిన ధ్వని ద్రవాన్ని తాకితే చాల భాగం వెనుకకు మళ్ళిపోతుంది. చెరువులో మునిగినవానికి గట్టు మీదివారి పిలుపు వినపడకపోవడానికి కారణమిదే. ఈ అడ్డు దాటడానికై, విశాలమైన కర్ణభేరి మీద పడిన ఒత్తిడిని ఆ ఎముకలు చిన్న కిటికీ వంటి పొర మీద కేంద్రీకరించి సుమారు 20 రెట్లు పెంచుతవి.

ఆ కిటికీకి లోపల ఉన్నదే కర్ణావర్తం. నత్తగుల్లవలె రెండున్నర చుట్లు తిరిగిన గొట్టమది. సాగదీస్తే 35 మిల్లీమీటర్ల పొడవుంటుంది. శంఖమూ నత్తజాతి గుల్లయే కనుక ప్రతి మనిషి తలలోను రెండు శంఖాలున్నవని చెప్పవచ్చు. గొట్టం పొడవునా సన్నని త్వచమొకటి పరచి ఉన్నది. ధ్వని వచ్చినప్పుడు ఆ త్వచం మీద అల ఎలా నడుస్తుందో హంగరీలో పుట్టిన బెకెసీ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టి, 1961లో నోబెల్ బహుమానం పొందినాడు. ఆయన మొదట టెలిఫోను శాఖలో పనిచేసినవాడు. ఆయన చూపిన దానిని బట్టి, ఎక్కువ కంపనాల ధ్వనులు గొట్టం మొదటనే త్వచాన్ని ఎక్కువగా ఊపుతవి. తక్కువ కంపనాలవి లోపలి కొస దాకా పోతవి. వీణ మెట్ల మీద ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క స్థానమున్నట్లే, ఇక్కడ ఒక్కొక్క పౌనఃపున్యానికి ఒక్కొక్క తావు ఉన్నది.

త్వచం మీద రోమకణాలు వరుసలు తీరి ఉంటవి. లోపలి వరుసలో సుమారు 3500, బయటి మూడు వరుసలలో సుమారు 12,000. కంటిలో మసకవెలుతురు చూడడానికి పనికివచ్చే కణాలే 12 కోట్ల దాకా ఉండగా, చెవికి ప్రకృతి ఇచ్చినది ఈ 15 వేల చిల్లర మాత్రమే. అవి శిశువు కడుపులో ఉండగానే ఏర్పడుతవి. ఆ తరువాత ఒక్కటి చచ్చినా దాని స్థానంలో మరొకటి పుట్టదు. పక్షులకు ఈ బాధ లేదు. చెడిన రోమకణాలు కోడిపిల్లలో తిరిగి మొలుస్తవని 1980ల చివర తెలిసినది. మనిషిలో అటువంటి పునర్జన్మ కలిగించడానికి ప్రయోగాలు జరుగుతున్నవి గాని, ఆసుపత్రిలో ఇచ్చే మందుగా ఏదీ ఇంకా రాలేదు.

రొద చంపేది ఈ కణాలనే. ఈ సంగతి లోకానికి క్రొత్తది కాదు. ఇటలీ వైద్యుడు రమజ్జీని, వృత్తుల వలన వచ్చే రోగాల మీద తాను వ్రాసిన గ్రంథంలో, రాగిని రోజంతా సుత్తితో సాగగొట్టే కంచరులు చెవిటివారవుతారని మూడు వందల ఏళ్ళనాడే చెప్పినాడు. ఆ కంచరుల వారసులను చూడాలంటే ఆటోనగర్‌కు పోవచ్చు. సొట్టలు పడిన బస్సు రేకును డెంటింగు పనివాడు సుత్తితో సరిచేస్తుంటాడు. ప్రక్క షెడ్డులో గ్రైండరు. సుత్తి దెబ్బకు రేకు మొత్తం పెద్ద భేరివలె కంపిస్తుంది. రేకు ఎంత వెడల్పయితే ధ్వని అంత బలం. అక్కడ 100 డెసిబెళ్ళు సామాన్యం. రహదారికి ఆవలి ప్రక్కనే మహావీర్ హరిణ వనస్థలిలో జింకలు అలికిడి వచ్చిన వైపుకు చెవులు త్రిప్పుకొంటవి. మనిషి చెవి డొప్పను త్రిప్పుకోలేడు, మూసుకోలేడు. కంటికి రెప్ప ఉన్నది, చెవికి లేదు.

డెసిబెల్ లెక్కలో ఒక మోసమున్నది. దానిని తెలియకపోవడం వలననే జనం అపాయాన్ని తక్కువగా అంచనా వేస్తారు. 80 కంటె 90 కొంచెమే ఎక్కువనిపిస్తుంది. నిజానికి ప్రతి 10 డెసిబెళ్ళకు శక్తి పదింతలవుతుంది. 3 పెరిగితేనే రెట్టింపు. మామూలు సంభాషణ 60. రద్దీ రోడ్డు ప్రక్క 75 నుంచి 85. దగ్గరలో మ్రోగిన లారీ హారన్ 100 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ప్రకారం 80 డెసిబెళ్ళ ధ్వనిని వారానికి 40 గంటలు భరించవచ్చు. 90 అయితే 4 గంటలు. 100 అయితే వారం మొత్తం మీద 20 నిమిషాలే. రేకుల షెడ్డులో పనివాడు సోమవారం ఉదయం టీ త్రాగే వేళకే వారం వాటా ఖర్చు చేసుకొంటాడన్నమాట. మన కర్మాగారాల నిబంధనలు రోజుకు 8 గంటలకు 90 డెసిబెళ్ళు హద్దు పెట్టినవి. ఆ హద్దు కూడా ఎక్కువేనని నిపుణుల మాట. పైగా ఇద్దరు ముగ్గురు పనిచేసే చిన్న షెడ్డుకు ఏ ఇన్‌స్పెక్టరూ వచ్చి కొలవడు.

రొద చేసిన దెబ్బ మొదట సెకనుకు 4000 కంపనాల దగ్గర కనిపిస్తుంది. శ్రవణ పరీక్షలో గీసే రేఖ అక్కడ గుంట పడినట్లు దిగుతుంది. అక్కడనే ఎందుకన్నది కాలేజీ ప్రయోగశాలలో శ్రుతిదండం, నీటి గొట్టం పట్టినవారికి సులువుగా తెలుస్తుంది. ఒక కొస మూసి ఉన్న గొట్టం తన పొడవుకు నాలుగు రెట్ల తరంగదైర్ఘ్యం గల ధ్వనికి అనునాదం చేస్తుంది. చెవి నాళం రెండున్నర సెంటీమీటర్లు; నాలుగింతలు 10 సెంటీమీటర్లు; గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. భాగించితే 3400 వస్తుంది. అనగా ఆ ప్రాంతపు ధ్వనులను నాళమే పెంచి లోనికి పంపుతున్నది. బలమైన ధ్వని వలన కలిగే హాని, ధ్వని పౌనఃపున్యానికి కొంచెం పైమెట్టున పడుతుంది. కనుక 4000.

తెలుగు మాట విషయంలో దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. తెలుగు అజంత భాష. మాట చివర దాదాపు ఎప్పుడూ అచ్చు ఉంటుంది. అచ్చులు బలమైనవి, తక్కువ కంపనాలవి. కనుక రోమకణాలు కొన్ని పోయినా మాట పొడవు, ఊనిక, రాగం అన్నీ వినిపిస్తవి. పోయేది హల్లుల తేడా. మ, న వంటి అనునాసికాలు నిలుస్తవి. గ, జ, డ, ద, బ అనే సరళాలలో కంఠనాదమున్నది కనుక అవి పరుషాలు కావని తెలుస్తుంది. కాని క, చ, త, ప అన్న పరుషాలను ఒకదాని నుంచి మరొకదానిని వేరుచేసేది క్షణంలో ఆరిపోయే పలుచని విస్ఫోటం. అది అందకపోతే కాలు, చాలు, తాలు, పాలు నాలుగూ ఒకటే. స, శ అన్నవి బొత్తిగా జారిపోతవి. కోడలు "పాలు చాలునా మామయ్యా" అని అడిగితే, ఆయన కాలు నొప్పి సంగతి చెప్పడం మొదలుపెడతాడు. ఇంట్లో పిల్లలు నవ్వుతారు. మతిమరుపు వచ్చినదేమోనని పెద్దవారు గుసగుసలాడుకొంటారు. ఆ గుసగుస మాత్రం ఆయనకు వినపడదు. గుసగుసలో కంఠనాదమే లేదు గదా!

బస్సులో కండక్టరు కేక వేసినప్పుడు దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్‌బీ నగర్ అన్నిటిలోను "నగర్" స్పష్టంగా వినిపిస్తుంది. ఏ నగరో తెలియదు.

మరొక ఇబ్బంది చుట్టుప్రక్కలవారికి అసలే అర్థం కాదు. "కొంచెం గట్టిగా చెప్పమ్మా" అంటాడు తాత. మనుమరాలు గొంతు పెంచగానే "అరుస్తావెందుకే?" అని కసురుకొంటాడు. ఇది చాదస్తం కాదు. బయటి వరుసల రోమకణాలు చిన్న ధ్వనులను పెంచి, పెద్ద ధ్వనులను అంతగా పెంచకుండా వదిలివేసే యంత్రం వంటివి. అవి పోతే చిన్న ధ్వని అందదు. పెద్ద ధ్వని మాత్రం వెనుకటి బలంతోనే వచ్చిపడుతుంది. వినపడకపోవడానికి, భరించలేకపోవడానికి మధ్య జాగా ఇరుకైపోతుంది. అరవడం వలన ప్రయోజనం లేకపోవడానికి కారణమిదే. ఎదురుగా కూర్చుని, ముఖం మీద వెలుతురు పడేటట్లు చూచుకొని, మామూలు గొంతుతో కొంచెం నిదానంగా చెప్పాలి. పెదవుల కదలికలో ప కు, క కు గల తేడా కంటికి కనిపిస్తుంది; చెవి పోగొట్టుకొన్న దానిని కన్ను కొంత పూడుస్తుంది. ఒక మాట రెండుసార్లు చెప్పినా అందకపోతే అదే మాటను మూడవసారి చెప్పరాదు, వేరే మాటతో చెప్పాలి. మిక్సీ, టెలివిజను కట్టివేసి మాట్లాడడం అన్నిటికంటె మేలు.

కాపాడుకొనే మార్గాలు కష్టమైనవి కావు. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతెత్తి మాట్లాడవలసి వస్తే ఆ చోటి రొద చెవికి హానికరమని గుర్తు. అటువంటి పనిచోట మందుల దుకాణంలో దొరికే స్పాంజి బిరడాలను మెలిపెట్టి నాళంలో సరిగా అమర్చుకొంటే 20 డెసిబెళ్ళ వరకు తగ్గుతుంది. దూది పెట్టుకొంటే చాలుననుకొనడం భ్రమ. దూదిలోని సందుల గుండా గాలి పోయినట్లే ధ్వనీ పోతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగుకు వచ్చి హాస్టళ్ళలో ఉండే విద్యార్థుల విషయం వేరు. వారి రొద వారు చెవిలో పెట్టుకొన్నదే. రైలులో, బస్సులో చుట్టూ 75 డెసిబెళ్ళ హోరు ఉంటే, పాట దానిని మించి వినపడాలని ధ్వనిని 85కు, 90కి పెంచుతారు. ఫోనులో ధ్వని గీతను అరవై శాతం దాటనీయకపోవడం, నాళాన్ని బాగా మూసే రకపు ఇయర్‌ఫోనులు వాడి బయటి హోరు తగ్గించుకొనడం, గంటకొకసారి తీసివేయడం చాలు.

సరూర్‌నగర్ చెరువుకు వినాయకులు తరలిపోయే రోజున డీజే పెట్టెల ప్రక్కన నడచినవారికి ఆ రాత్రి చెవులు దిబ్బడ వేసి, లోపల గుయ్యిమని హోరు పెడుతుంది. తెల్లవారేసరికి తగ్గిపోతుంది; ఏమీ కాలేదనుకొంటారు. 2009లో అమెరికాలో ఎలుకల మీద జరిగిన ప్రయోగాలు ఈ ధైర్యాన్ని పోగొట్టినవి. వినికిడి మామూలుకు వచ్చిన తరువాత కూడా రోమకణాన్ని నాడితో కలిపే సంధులు కొన్ని శాశ్వతంగా తెగిపోయినట్లు కనిపించినది. 2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసు కమిషనరు ఊరేగింపులలో డీజే పరికరాలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చినారు. దేశమంతటికి 2000 నాటి శబ్ద నియమావళి ఉండనే ఉన్నది: నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45, వ్యాపార ప్రాంతంలో పగలు 65, రాత్రి 55, ఆసుపత్రి, బడి, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతం. ఆసుపత్రి గోడ ప్రక్కనే హారన్ మోత వినేవారికి ఈ అంకెలు పంచాంగంలోని వర్షపు లెక్కలవలె తోచవచ్చు.

చెవుడుకు రొద ఒక్కటే కారణం కాదు. పసితనంలో చెవి కారుతుంటే అశ్రద్ధ చేయడం, వెల్లుల్లి నూనె పోయడం, పుల్లలతో గుబిలి తీయించుకొనడం కర్ణభేరికి చేటు తెస్తవి. గుబిలి మురికి కాదు, నాళానికి రక్షణ. తనంతట తానే బయటికి వస్తుంది. జెంటమైసిన్, కానమైసిన్ వంటి ఇంజెక్షన్లు ప్రాణం నిలిపినా రోమకణాలను కొన్నిసార్లు బలిగొంటవి. తెలుగునాట మేనరికాల సంగతి కూడా చెప్పుకోవాలి. తల్లిదండ్రులిద్దరూ చక్కగా వినగలిగి ఉండి, ఒకే లోపపు జన్యువును మోస్తుంటే, బిడ్డకు పుట్టుచెవుడు రావచ్చు. రక్తసంబంధంలో పెళ్ళి అయితే ఆ అవకాశం పెరుగుతుంది. అటువంటి కుటుంబాలలో బిడ్డ పుట్టిన నెలలోపే పరీక్ష చేయించాలి. ఆరోగ్యంగా ఉన్న చెవి తానే సన్నని ప్రతిధ్వనిని వెలువరిస్తుందని 1978లో కెంప్ అనే ఆంగ్లేయుడు కనిపెట్టినాడు. నిద్రపోయే శిశువు చెవిలో చిన్న గొట్టం పెట్టి ఆ ప్రతిధ్వనిని పట్టుకొనడమే ఆ పరీక్ష. లోపం మరీ ఎక్కువగా ఉంటే కర్ణావర్తంలో విద్యుత్ తీగలు అమర్చే శస్త్రచికిత్స ఉన్నది; పసివారికి దానిని ఆరోగ్యశ్రీ పథకంలో చేర్చినారు. మాట నేర్చే వయస్సు దాటిన తరువాత చేస్తే ఫలితం చాలవరకు తగ్గిపోతుంది.

పెద్దవారికి సాధారణంగా కావలసినది చెవి మిషను. కళ్ళజోడు పెట్టుకొనడానికి సిగ్గుపడనివారు దీనికి సిగ్గుపడతారు. సంవత్సరాల తరబడి వాయిదా వేస్తారు. ఈలోగా ఫోను ఎత్తడం, పెళ్ళిళ్ళకు పోవడం, నలుగురిలో కూర్చోవడం ఒక్కొక్కటే మానుకొంటారు. నడివయస్సులో వచ్చిన చెవుడును పట్టించుకోకపోతే ముసలితనంలో మతిభ్రంశానికి అవకాశం పెరుగుతుందని 2017లోను, 2020లోను, 2024లోను లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం చెప్పినది. ఈనాటి మిషను అన్ని ధ్వనులను ఒకే మాదిరి పెంచేది కాదు. పరీక్షలో గీసిన రేఖను బట్టి, పోయిన పౌనఃపున్యాలను మాత్రమే పెంచుతుంది. పెద్ద ధ్వనులను అదుపులో పెడుతుంది. కనుక పరీక్ష చేయించకుండా బజారులో కొన్నది వ్యర్థం, ఒక్కొక్కప్పుడు హానికరం. పెట్టుకొన్న మొదటి రోజున పంపునీటి చప్పుడు, కాగితం గరగర కర్కశంగా తోస్తవి. మెదడు ఆ ధ్వనులను మరచిపోయి చాలకాలమైనది. రోజుకు కొన్ని గంటల చొప్పున వాడుకొంటూ పోతే కొన్ని వారాలలో అలవాటవుతుంది. మొదటి వారంలోనే డబ్బాలో పెట్టివేసినవారే మిషను పనిచేయదని ప్రచారం చేస్తారు. వానాకాలంలో తేమ పట్టకుండా రాత్రివేళ ఆరబెట్టే గుళికల డబ్బాలో ఉంచాలి.

ఎల్‌బీ నగర్ వైపువారు పరీక్షకు దూరం పోనక్కరలేదు. మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగితే కోఠిలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉన్నది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమున్నది. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసిన ఆయన పేరు మీద ఆ సంస్థను 1983లో బొంబాయిలో నెలకొల్పినారు. తక్కువ ఆదాయం గలవారికి మిషన్లు ఇప్పించే కేంద్ర ప్రభుత్వ పథకం పేరు ఆడిప్. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులలోను మాటల పౌనఃపున్యాలలో 60 నుంచి 70 డెసిబెళ్ళ లోటు ఉన్నవారు వినికిడి మందగించినవారు, 70 ఆపైన అయితే బధిరులు.

ఒకటి మాత్రం మరునాటికి వాయిదా వేయరానిది. ఏ నొప్పీ లేకుండా, రాత్రికి రాత్రి ఒక చెవి వినపడడం మానివేస్తే, జలుబు చేసినదని సరిపెట్టుకోరాదు. కొద్ది రోజులలోగా స్టెరాయిడు మందులు ఇస్తే వినికిడి తిరిగి వచ్చే అవకాశమున్నది. వారాలు గడిస్తే ఆ అవకాశం చేజారుతుంది.

మిషనుతో కూడా సరిపడని వారికి ఇప్పుడు ఫోనే మరొక ఆసరా. ఎదుటివారు మాట్లాడుతుండగానే ఆ మాటలను తెలుగు అక్షరాలలో తెర మీద చూపే సాధనాన్ని గూగుల్ సంస్థ 2019లో విడుదల చేసినది. సందడిలో అది పాలును కాలుగా వ్రాసే మాట నిజమే. అయినా బ్యాంకు గుమస్తా ముందర, వైద్యుని ముందర దానిని బల్ల మీద పెట్టి "ఇందులో చూచి చదువుకొంటాను, నిదానంగా చెప్పండి" అని అడగడంలో తప్పేమీ లేదు.